తాకని రెండు గంటలు

పరంధామయ్య కుడిచెయ్యి మూడోసారి కూడా మెత్తగానే వచ్చింది.

ఫిజియోథెరపిస్టు నిఖిల ఆయన మోచెయ్యి కింద ఒక చెయ్యి వేసి, మణికట్టును ఇంకో చేత్తో పట్టుకుని, మడిచి ఉన్న చేతిని సరిగ్గా ఒక్క సెకనులో చాపింది. ఆ సెకను తప్పకుండా ఉండటానికి ఆసుపత్రిలో అందరూ ఇంగ్లీషులో వెయ్యిన్నొకటి అనుకుంటారు. ఆమె మాత్రం మనసులో తెలుగులోనే అనుకుంటుంది. చాపేటప్పుడు కండరం ఎక్కడ అడ్డుపడిందో, ఎంత గట్టిగా వెనక్కి లాగిందో చూసి సున్నా నుంచి నాలుగు దాకా ఒక అంకె వెయ్యాలి. బిగుతు ఎక్కువైన కొద్దీ అంకె పెరుగుతుంది. ఈ చెయ్యి చివర్లో కాస్త మొరాయించిందంతే. ఒకటి వేసింది.

కనీసం రెండు వస్తే తప్ప కండరాన్ని సడలించే ఇంజెక్షన్‌కు పేరు చేర్చరు. పక్షవాతం వచ్చి ఏడు నెలలైన పరంధామయ్యకు ఇదే ఆఖరి కొలత. సాయంత్రం ఐదింటికి జాబితా డాక్టరుగారికి వెళ్ళిపోతుంది.

"ఎంతొచ్చిందమ్మా?" అని తారాదేవి భర్త భుజం మీంచి తొంగి చూసింది. ఒకటి అనగానే ఆవిడ ముఖం విప్పారింది. "పెరగలేదన్నమాట. మంచి మార్కే."

నిఖిల ఆయన చేతిని దిండు మీదికి దించుతూ వేళ్ళు విప్పి చూసింది. అరచేతిలో నాలుగు గోళ్ళ గాట్లు, ఒకటి పుండైంది. ఒకటి వచ్చిన చేతికి ఇలాంటి గాట్లు పడవు. చేతి దగ్గర నువ్వులనూనె, వాము కలిసిన వాసన. కిందటి రెండుసార్లూ ఈ వాసన వచ్చింది. తలనూనె అనుకుని ఊరుకుంది.

నెమ్మదిగా అడిగితే తారాదేవి దాచకుండా చెప్పింది. కొలత రోజున తెల్లవారుజామున ఐదింటికే లేస్తుంది. వాము వేసి కాచిన నూనెతో గంటసేపు మర్దన చేస్తుంది. జురాంగ్ ఈస్ట్‌లోని ఫ్లాట్ నుంచి బస్సులో ఇక్కడికి వచ్చాక, వీల్‌చైర్ పట్టే బాత్‌రూమ్‌లో తలుపు వేసుకుని, ఫ్లాస్కులో తెచ్చిన వేడినీళ్ళతో కాపడం పెట్టి ఒక్కో వేలూ సాగదీస్తుంది. పొద్దున వ్యాయామం చేయించారా అని నిఖిల ప్రతిసారీ అడిగింది. లేదనే ఆవిడ చెప్పింది. మనిషిని బయటికి తీసుకెళ్ళే ముందు ఒళ్ళు సవరించడం వ్యాయామమని ఆవిడకు తోచలేదు.

"పరీక్షకి పిల్లాణ్ణి తల దువ్వకుండా పంపుతామా ఏంటి?"

ఆ మెత్తదనం రెండు మూడు గంటలకు మించి నిలవదని, తనకు కావలసింది ఇంట్లో మామూలుగా ఉండే చెయ్యేనని నిఖిల వివరించింది. తారాదేవి స్టూలు మీద కూలబడింది. "ఆ రెండేదో నువ్వే వేసెయ్యమ్మా. మనమ్మాయివే కదా," అంది.

"ఆ అంకె చూసే మందు ఎంత ఎక్కించాలో తేలుస్తారు ఆంటీ. నేను ఊహించి వేస్తే అంకుల్‌కే ముప్పు."

డాక్టరుగారికి ఫోన్ చేసింది. జరిగింది కాగితం మీద రాయమని, రెండు గంటలు చేతిని ఎవరూ ముట్టుకోకుండా ఉంచి మళ్ళీ కొలవమని ఆయన అన్నాడు. అప్పుడు ఒంటిగంటన్నర. నిఖిల పుండు మీద పలచగా గాజుగుడ్డ వేసి, పరంధామయ్యను వరండాలో కిటికీ పక్కన కూర్చోబెట్టింది.

తారాదేవి పక్క కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇక్కడివాళ్ళు చోప్ చెయ్యడం అంటారే, అలా చోటు పట్టుకుని, మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది. అప్పుడు పరంధామయ్య నోరు విప్పాడు. ఇరవయ్యారేళ్ళు జురాంగ్ ఐలాండ్ చమురు కర్మాగారాల్లో పైపులైన్ల ఒత్తిడి పరీక్షించిన మనిషి. ఇప్పుడు ఒక్కో మాటా వెతుక్కుని తెచ్చుకోవాలి.

"లైను... వేడి మీదుంటే... రీడింగు తియ్యం."

నిఖిల ఆయన ముందు వంగి కూర్చుంది. "మీకు ముందే తెలుసా అంకుల్?"

ఆయన తల ఊపాడు. "రుద్దే... ఆ గంటసేపే... తను ఏడవదు."

తారాదేవి వచ్చి కూర్చుంది. మొదటి గంటలో పెద్ద మార్పేమీ కనబడలేదు. తర్వాత వేళ్ళు ఒక్కొక్కటే లోపలికి ముడుచుకున్నాయి. మణికట్టు వంగింది. మోచెయ్యి ఎవరో లోపలినుంచి లాగుతున్నట్టు ఛాతీ మీదికి ఎక్కింది. ఆవిడ చెయ్యి రెండుసార్లు దానికోసం ముందుకు వచ్చి, సగంలో ఆగి, వెనక్కి వెళ్ళింది. మూడోసారి ఆవిడ రెండు చేతులనూ చీర కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. నిఖిల కాగితాలు చూసుకుంటున్నట్టే ఉంది కానీ ఒక్క వాక్యమూ చదవలేదు.

మూడున్నరకు మళ్ళీ మంచం మీద పడుకోబెట్టి చెయ్యి పట్టుకుంది. వెయ్యిన్నొకటి. సగం కూడా రాకముందే కండరం గుంజి పట్టేసింది. పరంధామయ్య పళ్ళు బిగించాడు. వదలకుండా చాపేసరికి నిఖిల ముంజేతులు లాగాయి. అంకె వేసి, కాగితాన్ని ఆవిడకు కనబడేలా తిప్పింది. మూడు.

ఈసారి మంచి మార్కా కాదా అని తారాదేవి అడగలేదు. కాగితం వైపు చూడనూ లేదు.

"ఇక ముట్టుకోవచ్చా అమ్మా?"

"ముట్టుకోండి ఆంటీ. కొలత లేని రోజుల్లో ఈ మర్దన మానొద్దు. ఆయనకి మంచిదే."

తారాదేవి సంచిలోంచి నూనెసీసా తీసింది. నూనె చల్లబడి ఉంది. కాస్త అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ రుద్ది వెచ్చబరిచి, ముందు బొటనవేలు దగ్గర మొదలుపెట్టింది. పరంధామయ్య తన చెయ్యి వైపు చూడలేదు. ఆవిడ ముఖంలోకే చూస్తూ పడుకున్నాడు.