నా ఒంటి మీది బంగారం

నేను ఒక గీటురాయిని. నల్లగా, నున్నగా, అరచేతిలో ఇమిడేంత ఉంటాను. బంగారాన్ని నా మీద రుద్దితే పచ్చటి గీత పడుతుంది. దాని రంగు చూసి సరాఫు, అంటే నాణేలు మార్చే వర్తకుడు, అందులో కల్తీ ఎంతో చెప్పేస్తాడు. అందుకని నన్ను అబద్ధమాడని రాయి అన్నారు. చాలాకాలం నేనూ ఆ పొగడ్తకు ఉబ్బిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నన్ను ఏటి ఒడ్డున ఏరి, అరగదీసి, నూనె పట్టించి ఈ రూపానికి తెచ్చినవాడు హంపీ బజారులో సరాఫు పైడిశెట్టి. అది విజయనగర రాయల కాలం. అప్పట్లో సొమ్ము మనుషుల భుజాల మీద, ఎద్దుల వీపుల మీద నడిచేది. దసరా వచ్చిందంటే నాయకులు తమ సీమల్లో పోగైన పన్ను మూటలు కట్టించి, బంట్లను వెంటేసుకుని రాజధానికి మోసుకొచ్చేవారు. దారిలో దొంగల భయం, వాగుల భయం, అన్నిటికీ మించి మోసేవాళ్ల మీద అనుమానం. అంత అవస్థపడి తెచ్చిన వరహాలను ఖజానాలో పోసి తాళం వేసేవారు. కదలకుండా పడుకున్న సొమ్మును ఐశ్వర్యం అంటుంటే నాకు నవ్వొచ్చేది.

హంపీ తగలబడ్డాక పైడిశెట్టి కొడుకులు నన్ను రొంటిన దోపుకుని బందరు చేరారు. అక్కడ గోలకొండ సుల్తానుల ఏలుబడి. వాళ్లు తెలివైనవాళ్లు. జనం అలవాటుపడ్డ వరహాల జోలికి పోకుండా చెలామణీ కానిచ్చారు. పన్ను వసూలుచేసే హక్కును వేలం వేసేవారు. పాడుకున్నవాడు సుల్తానుకు రొక్కం కట్టేసి, దానికి రెట్టింపు రైతుల దగ్గర పిండుకునేవాడు. మూటలు మోసే బాధ సుల్తానుకు తప్పింది, రైతుకు తగులుకుంది.

తర్వాత మొగలులు వచ్చారు. బంగారు వరహా పక్కన వెండి రూపాయి వచ్చి కూర్చుంది. ఢిల్లీ ఎక్కడో ఉంది కాబట్టి హుండీలు పెరిగాయి. ఇక్కడి సరాఫుకు రొక్కం కడితే చీటీ ఇస్తాడు, అక్కడి సరాఫు ఆ చీటీ చూసి రొక్కం ఇస్తాడు. మూట కదలకుండానే సొమ్ము చేరిపోయేది. మనుషులు ఒకరినొకరు అంత నమ్మగలరని అప్పుడే చూశాను. కానీ ఆ ఏలుబడికి ఒక చాదస్తం ఉండేది. ఈ ఏడు అచ్చుపడిన రూపాయికే నిండు విలువ. పాత ఏటిదైతే వెండి తగ్గకపోయినా కోత పడేది. ఆ కోత పేరు వట్టం. ఏడు మారితే వెండి పలచబడదని నాకు తెలుసు, మా సరాఫుకూ తెలుసు. ఆ వట్టంతోనే మావాళ్లు మేడ కట్టారు.

ఇక దొరల కాలం. వాళ్లు మొదట్లో ఓడల నిండా వెండి తెచ్చి మన బట్టలు కొన్నారు. రాజ్యం చేజిక్కాక ఆ ఖర్చెందుకనుకున్నారు. నేతగాడి దగ్గర మగ్గం పన్ను తీసుకుని, ఆ డబ్బుతోనే అతని బట్ట కొనడం మొదలుపెట్టారు. సొమ్మును ఇంత సులువుగా నడిపే ఉపాయం రాయలకు తట్టలేదు, సుల్తానుకూ తట్టలేదు.

ఆ మగ్గం పన్ను కట్టలేకే పెడన నేతగాడు తిరువేంగళాన్ని కచేరీలో కూర్చోబెట్టారు. అతని భార్య నాంచారమ్మ కొంగున ఒక పాత వరహా ముడేసుకుని మా దుకాణానికి వచ్చింది. అప్పటికి నేను పైడిశెట్టి వంశంలోని కుప్పయ్యశెట్టి చేతిలో ఉన్నాను.

“శెట్టిగారూ, కచేరీలో రూపాయలే తీసుకుంటారంటండీ. మూడున్నర కట్టాలి. పొద్దుగూకేలోగా కట్టకపోతే మగ్గం పట్టుకుపోతారంట. మా మామ్మ వరహా ఇది, మార్చిపెట్టండి,” అంది.

కుప్పయ్య చేతికి ఒక అలవాటు ఉంది. షావుకారు బంగారమైతే సుతారంగా ఒక్క గీత గీసేవాడు. లేనివాళ్లదైతే అదిమి మూడు గీసేవాడు. గీత చూశాక నల్లటి మైనం ముద్దను నా మీద అద్దితే బంగారు నలుసులు దానికి అంటుకునేవి. ఏడాదికోసారి ఆ ముద్దను కరిగిస్తే చిన్న బంగారు పూస తేలేది. బజారులో సరాఫులంతా చేసే పనే అది. తప్పని వాళ్లకు తోచలేదు, నాకూ తోచలేదు.

వరహాతో నా మీద మూడు గీతలూ పడ్డాయి. మేలిమి బంగారమని నేను చెప్పేశాను. కుప్పయ్య దాన్ని త్రాసులో వేశాడు.

“బంగారం మంచిదేనమ్మా, తూకమే తగ్గింది. నిండు వరహా అయితే మూడున్నర ఇద్దును. అరిగినదాన్ని ఒట్టి బంగారం కిందే కడతాం. మూడొస్తాయి.”

అది ఎక్కడ అరిగిందో నాకు తెలుసు. చేయి మారినప్పుడల్లా నాలాంటి ఏదో ఒక రాయి మీద.

నాంచారమ్మ అతని మొహం చూడలేదు. నన్నే చూసింది. “ఆ రాతి మీద మెరిసేది నా వరహాలోదే కదండీ? దాన్ని కూడా తూకంలో ఎయ్యండి.”

దుకాణంలో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. “గీతలకు తూకమేంటమ్మా!” అంటూ కుప్పయ్య మైనం ముద్ద అద్దేశాడు. అన్ని రాజ్యాలు చూశాను గానీ ఆ మాట అడిగినవాళ్లను చూడలేదు. నేను నిజం ఊరికే చెప్పడం లేదనీ, చెప్పినప్పుడల్లా అవతలివాళ్ల సొమ్ము కొరుక్కుతింటున్నాననీ ఆమె అడిగాక గానీ నాకు తెలియలేదు.

ఆమె మూడు రూపాయలు తీసుకుని వెళ్లింది. ఎండ వాలేలోగా మళ్లీ వచ్చింది. మెడలో తాడు ఉంది గానీ దానికి పసుపు కొమ్ము కట్టి ఉంది. పుస్తెలు గుప్పిట్లో ఉన్నాయి. మొగుణ్ణి విడిపించుకోవడానికి మొగుడు కట్టినవే తీసింది.

“లోపలంతా లక్కేనండీ, పైన సన్నటి రేకు. అర్ధరూపాయి చాలు. గియ్యకుండా తీసుకోండి, మీకు దణ్ణం పెడతాను.”

“గియ్యకుండా ఎలా తెలుస్తుంది? అందరికీ ఒకటే పద్ధతి,” అన్నాడు కుప్పయ్య.

ఒక పుస్తె తీసి అలవాటుగా అదిమి గీశాడు. ఆ ఒక్క గీతకే రేకు చిరిగింది. లోపలి ఎర్ర లక్క బయటపడింది. నాంచారమ్మ కళ్లు మూసుకుంది. కుప్పయ్య చేయి అక్కడే ఆగిపోయింది. అర్ధరూపాయి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ రోజు ఇక మైనం ముద్ద తీయలేదు.

సాయంత్రం మొగుడూ పెళ్లాలిద్దరూ మా దుకాణం ముందు నుంచే వెళ్లారు. మగ్గం దక్కింది. తిరువేంగళం కాస్త కుంటుతున్నాడు. ఆమె మెడవైపు చూడలేక నేల చూపులు చూస్తూ నడిచాడు. నా మీద గీసినవాడి తప్పెంతో నాకు తెలియదు. గీయించుకున్న నా తప్పు మాత్రం నన్ను వదల్లేదు.

కుప్పయ్య ఆ తర్వాత నన్ను తిరగేసి రెండో వైపే వాడాడు. ఆ గీతను తుడవలేదు, ఎవరినీ తుడవనివ్వలేదు. కొన్నేళ్లకు యంత్రాల్లో అచ్చుపడిన ఒకేరకం రూపాయి దేశమంతా వచ్చింది. వట్టం పోయింది, నాతో పనీ తగ్గింది. పెట్టె అడుగున పడి, చేతులు మారి, చివరికి ఈ మ్యూజియంలో అద్దాల వెనక్కి చేరాను.

జనం వస్తారు, వంగి చూస్తారు. ఇన్నేళ్లయినా ఎంత మెరుస్తోందో అని పిల్లలకు చూపిస్తారు. నా కింద ఉన్న చీటీ మీద గీటురాయి అనీ, పైనున్నది మేలిమి బంగారపు గీత అనీ రాశారు. అది నాంచారమ్మ పుస్తె అని రాయలేదు.