కొసరు వేసే మిషన్

బొరుగులతో చేసే ఉగ్గానిలో కలిపే పప్పుల పొడి కోసం కల్లూరులోని రామలింగయ్య శెట్టి అంగడికి కోడుమూరు నుంచి కూడా వస్తారు. రుచి సంగతి అలా ఉంచితే, అసలు గొప్పంతా కొసరుది. తక్కెడ సమంగా నిలిచాక పైన మరో గుప్పెడు పడాల్సిందే. తాత వేశాడు, తండ్రి వేశాడు, ఆయనా వేస్తున్నాడు. ఆ గుప్పెడు లేకపోతే ఆయన లెక్కలో అది వ్యాపారమే కాదు.

కోడలు అమూల్య ప్యాకింగ్ మిషన్ తెప్పించడంతో ఆ గుప్పెటికి ముప్పు వచ్చింది. గరాటాలో స్క్రూ లాంటి మర తిరుగుతుంది, పావుకిలో పొడి కవర్లో పడుతుంది, వేడి పట్టీలు మూతి అతికిస్తాయి. ఇక కొసరుకు సందెక్కడ? ఎప్పటినుంచో ఈ అంగడికే వచ్చే నాగలక్ష్మమ్మ మొదటి ప్యాకెట్ అందుకుని, అలవాటుగా రెండో చెయ్యి చాపింది.

“కొసరేది శెట్టీ? మిషన్ వచ్చినాక నీ చెయ్యి శానా బిగిసిందే.”

రామలింగయ్యకు తల కొట్టేసినట్లయింది. ఆమె పోగానే కోడలిని పిలిచాడు.

“కవర్ మీద మన పేరు అచ్చెయ్యొద్దమ్మా. కొసరు లేని సరుకు మనది కాదు.”

“పేరు లేకుంటే బయట అంగళ్లోళ్లు తీసుకోరు మామా.”

“తీసుకోకుంటే పోనీ.”

పెద్దాయన మొండితనానికి అమూల్యకు ఒళ్లు మండింది. అయినా పోయి మిషన్ ముందే కూర్చుంది. పొడి ఇంకాస్త పడేలా మర తిరిగే చుట్లు పెంచింది. పొడి మూతి దాకా వచ్చి అతుకులో ఇరుక్కుంది. కాస్త నొక్కగానే కవర్ నోరు తెరిచింది. వేడి పెంచితే కవరే ముడుచుకుపోయింది. చీరంతా పొడి, ఒకటే తుమ్ములు. చివరికి వేడిని పాత చోటికే తెచ్చి, కవర్ పొడుగు రెండు వేళ్లు పెంచింది. ఈసారి మూతి దగ్గర చోటు మిగిలింది, అతుకు గట్టిగా పడింది.

ప్యాకెట్ తెచ్చి మామ చేతిలో పెట్టింది. ఆయన పాత తక్కెడ తీసి, అటు పావుకిలో రాయి, ఇటు ప్యాకెట్ వేశాడు. ప్యాకెట్ పళ్లెం కిందికి దిగి అక్కడే ఉండిపోయింది. నమ్మకం చాలక మరో ప్యాకెట్ తెమ్మన్నాడు. అదీ దిగింది.

“పేరు అచ్చేయించమ్మా,” అన్నాడు.

అచ్చయిన కవర్లు వచ్చాక నాగలక్ష్మమ్మ మళ్లీ చెయ్యి చాపింది. రామలింగయ్య ఆమె ముందే ప్యాకెట్ తూచాడు. అంత గర్వంగా ఆయన కొడుకు పెళ్లిలో కూడా మాట్లాడలేదు; వీధిలో ఆటో ఎక్కుతున్నవాళ్లు సైతం తిరిగి చూశారు.

“కొసరు లోపలే ఉండాది చూడమ్మా. మా ఇంట్లో కొసరేసే చెయ్యి ఇప్పుడు మా కోడలిది.”