మౌజా ఇంట్లో కాఫీ

పందొమ్మిది వందల డెబ్బయ్యయిదులో మణికుమారి అరబ్బుల రేవు పట్నం మత్రాలో నర్సు. డ్యూటీ దిగాక పురిటి ఇళ్ళకు వెళ్ళి, ఆడపిల్లల మర్మస్థానంలో కోసే అక్కడి ఆచారం మానమని తల్లులకు చెప్పి వచ్చేది. తోడుండడానికి బాపట్ల నుంచి వచ్చిన తల్లి జ్ఞానాంబకు ప్రాణం గుప్పిట్లో ఉండేది. ఎవరో ఆసుపత్రి పెద్దసారుకు చెబుతారు, ఉద్యోగం పోతుంది, ఓడెక్కించి పంపేస్తారు. ఆ ఓడ మునిగినా మునుగుతుంది.

పక్కింటి మౌజా కూతురు జుఖాకు ఆడపిల్ల పుట్టింది. మౌజా కొన్నాళ్ళు బొంబాయిలో ఉన్న మనిషి, హిందీ వచ్చు. శుక్రవారం కత్తి ముసలమ్మ వస్తుందనీ, దానికంటే మణికుమారే మత్తిచ్చి కోసిపెడితే పిల్లకు నొప్పుండదనీ అడిగింది. మణికుమారి కుదరదనేసరికి మొహం ముడుచుకుని వెళ్ళిపోయింది.

"ఎలాగూ ఆ ముసల్ది కోస్తుందిగా. నీ చెయ్యయితే శుభ్రం కదే," అంది జ్ఞానాంబ.

"నర్సమ్మే కోసిందంటే అది మంచిదే అనుకుంటారమ్మా. ఆ తర్వాత ఎవరికి ఏమని చెప్పను?"

శుక్రవారం కూతురు డ్యూటీకి వెళ్ళాక జ్ఞానాంబకు ఇంట్లో కాలు నిలవలేదు. నెత్తురు ఆగకపోతే? ముసలమ్మ చెయ్యి జారితే? చెప్పులేసుకుని మౌజా ఇంటికి నడిచింది.

ముసలమ్మ అప్పటికే చాప మీద కూర్చుని ఉంది. చుట్టం వచ్చింది కాబట్టి ముందు కాఫీ పొయ్యాలి. చాలనుకున్నవాళ్ళు ఖాళీ కప్పు ఊపాలి, అది అక్కడి మర్యాద. ఊపేదాకా పోస్తూనే ఉంటారు, చుట్టాన్ని వదిలి ఇంకో పని ముట్టుకోరు. జ్ఞానాంబ పిల్లను ఒళ్ళోకి తీసుకుంది, చేదు కాఫీ తాగింది, కప్పు ఊపలేదు.

ఇంట్లో మణికుమారి విసుక్కునే భయాలన్నీ వచ్చీరాని హిందీలో మౌజా ముందు పెట్టింది. జ్వరం తగిలితే? రేపు దీని పురుటికి ఆ మచ్చ అడ్డం పడితే? జుఖా తల వంచుకుని పోస్తూనే ఉంది. కూజా ఖాళీ అయితే తనే లేచి మళ్ళీ కాచి తెచ్చింది.

"నీకింకా చాలలేదా?" అంది మౌజా.

"చాలలేదమ్మా."

ముసలమ్మకు ఇంకో ఇంట్లోనూ కోత పని ఉంది. ఈ హిందీ ఆవిడది ఒంటె కడుపని గొణుక్కుంటూ మూట సర్దుకుని లేచింది. వచ్చే శుక్రవారం రమ్మంది మౌజా.

"వద్దమ్మా," అంది జుఖా. "నా కూతురు. ఆ ముసలమ్మను రానివ్వను."

మౌజా జ్ఞానాంబ ఒళ్ళోంచి పిల్లనెత్తి జుఖాకు అందించింది.

జ్ఞానాంబ అప్పుడు కప్పు ఊపింది. బయటికొచ్చేసరికి ముసలమ్మ బావి సందులోకి తిరుగుతూ కనిపించింది. ఆ ఇంటివాళ్ళెవరో తెలియదు. గెంటేస్తే? పోలీసులను పిలిస్తే? కడుపులో ఇంకో చుక్కకు చోటు లేదు.

ప్రభువా అనుకుంటూ ఆ సందులోకే నడిచింది.