విన్నానని రాసిన కాగితం

అయినా, విన్నానని రాయడానికి నిజంగా వినాలని ఎక్కడుంది, అనుకున్నాడు లైసెన్సుల అధికారి, కళ్లజోడు తీసి ముక్కు మీది గుంటలు రుద్దుకుంటూ. చెవులు తెరిచే ఉన్నాయి. పొద్దుటి నుంచి పది మంది గోడు వాటిలో పడింది. పడిందంతా ఎక్కడికి పోయిందో మాత్రం ఆయనకు తెలియదు. ఒకప్పుడు ఇంటికెళ్లాక కూడా ఆ గొంతులు వెంటాడేవి. ఇప్పుడు భార్య పిలిచినా రెండోసారికి గానీ తల తిరగదు.

"పదకొండోది సార్," అన్నాడు గుమాస్తా, ఫైలు జరుపుతూ. "బడి వ్యాను నడిపే ఆవిడ. లైసెన్సు రద్దు. ఆర్డరు టైపు చేసే ఉంచాను. ఆవిడ అటు వెళ్లగానే ఒక్క సంతకం గీకేస్తే భోజనానికి లేవచ్చు."

విచారణకు ముందే ఆర్డరు సిద్ధం చెయ్యడం ఆ ఆఫీసు ఆనవాయితీ. 'వాదన విన్నాను, సంతృప్తికరంగా లేదు' అన్న వాక్యం కింద తేదీకి మాత్రం ఖాళీ ఉంటుంది. చేరిన కొత్తలో దీన్ని మాన్పించాలని తను అనుకున్నట్టు లీలగా గుర్తు.

ఆవిడ వచ్చి, కూర్చోకుండానే సంచీలోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచింది.

"ఇవిగోండి సార్, బ్రేకుల బిల్లులు. పోయిన నెల తొమ్మిదిన పొద్దున్నే బండి షెడ్డులో పెడితే, పదకొండు సాయంత్రానికి గానీ ఇవ్వలేదు."

"బ్రేకుల సంగతి ఎవరడిగారమ్మా?" అన్నాడు గుమాస్తా.

"మరేమడిగారు బాబూ? నోటీసులో 'జతపరచిన నివేదిక ప్రకారం' అనుంది. జతపరిచిందేదీ లేదు. కవరు దులిపి చూశా, చింపి చూశా. బ్రేకులు కీచుమంటున్నాయని ఓ పిల్ల తల్లి గొడవపడింది, అదే అయ్యుంటుందనుకున్నా. మా ఆయనైతే, నీ హారన్ మోతకి ఎవడో చెవిటివాడై ఉంటాడంటాడు."

గుమాస్తా నవ్వాపుకున్నాడు. "తనిఖీ వాళ్ల నివేదికలు బయటివాళ్లకి చూపించే అలవాటు లేదమ్మా. వాళ్లు నొచ్చుకుంటారు."

"బండి ఆగిపోతే నేను నొచ్చుకోనా? మా ఇల్లు నడిచేది ఆ నాలుగు చక్రాల మీదే."

అధికారి నివేదిక తెరిచాడు. ఎనిమిది మంది ఎక్కాల్సిన వ్యానులో పద్నాలుగు మంది పిల్లలు. బండి నంబరు ఆవిడదే. పోయిన నెల పదో తారీఖు, ఉదయం ఎనిమిదిన్నర.

చూపు బిల్లు మీదికి వెళ్లి అక్కడే ఆగింది. ఆ రోజు బండి షెడ్డులో ఉంది. లేదా బిల్లు అబద్ధం. లేదా తనిఖీకి వెళ్లినవాడు నంబరు తప్పు రాసుకున్నాడు. ఏదైనా, అతన్ని పిలిపించాలి. ఇంకో తేదీ ఇవ్వాలి. ఆ తేదీకి ఇంకో పది మంది ఉంటారు. ఆ ఆలోచనకే ఒళ్లు బరువెక్కింది. కావలసిన కాగితాన్నే తెచ్చింది ఆవిడ, అది దేనికి పనికొస్తుందో తెలియకుండానే. తను నోరు మెదపకపోతే ఎప్పటికీ తెలియదు కూడా. ఆ మెదపకపోవడంలో ఎంత సుఖముందో ఆయనకు బాగా తెలుసు. ఇన్నేళ్లూ అందులోనే కునుకు తీశాడు.

"సార్," అంటూ గుమాస్తా పెన్ను మూత తీసి అందించాడు.

"కూర్చోండమ్మా," అన్నాడు అధికారి.

ఇంకెవరినో అన్నారనుకుని ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

ఆయన పెన్ను అందుకోలేదు. ఫైలును ఆవిడకు చదవడానికి వీలుగా తిప్పి, బల్ల మీద అవతలికి జరిపాడు.