నాన్న రాయి పలచబడింది

నాన్న పోయేనాటికి నాకు మిగిలినవి ఆయన కొట్టు, ఆయనే ఏరి పక్కన పెట్టుకున్న బెత్తెడు మందం నల్లరాయి, ఒక పిచ్చి కోరిక. కొట్టు మూసేవేళ గుమ్మంలో కాలుపెట్టినవాళ్లతో ఆయన అనే "కట్టేశామండీ, రేపు రండి" అన్న మాట తన సమాధి మీద లాటిన్‌లో ఉండాలట. ఆ శ్మశానంలో గొప్పవాళ్ల రాళ్లన్నీ లాటిన్‌లో మూతి బిగించుకుని ఉంటాయి. వాళ్ల మధ్య పడుకుని నవ్వించాలని ఆయన సరదా. వ్యాకరణం తప్పిందా, చదువుకున్నవాళ్లు నాన్నతో కలిసి నవ్వరు, నాన్నను చూసి నవ్వుతారు. అది నేను జరగనివ్వను.

మా అక్క భర్త లాటిన్ పంతులు. బావ రాసిచ్చాడు, చెక్కించాను. చూడ్డానికొచ్చి పెదవి విరిచాడు.

"ఇది ఒక్కణ్ణి రమ్మన్నట్టుందోయ్. లాటిన్‌లో మన్ననకి 'రండి' ఉండదు. పదిమందినీ పిలవాలంటే రూపం మారాలి."

అక్షరాలు పోయేదాకా రాయి అరగదీయించి మళ్లీ చెక్కించాను. వచ్చి చూసి, మొదటిదే నయమన్నాడు. మళ్లీ అరగదీత, మళ్లీ చెక్కుడు. ఈసారి 'కట్టేశాం' దగ్గర క్రియ కుదరలేదన్నాడు.

"ఇంకొక్కసారికి ఆగుతుంది. ఆపైన పగుల్తుంది" అన్నాడు రాతిపనివాడు.

నా ఒళ్లు మండిపోయింది. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

"చాతకాదని ముందే ఏడవొచ్చుగా! మా నాన్న రాయే దొరికిందా నీకు, పలక మీద దిద్దుకున్నట్టు దిద్దుకోడానికి?"

"చాతకాక కాదు!" బావ గొంతు చించుకున్నాడు. "మీ అక్కని నాకిమ్మని అడగడానికొస్తే నాకూ ఇదే మాట చెప్పి మొహం మీద తలుపేశాడు మీ నాన్న. వీధి వీధంతా నవ్వింది. దాన్ని నవ్వులాటగా నేనెలా రాయన్రా?"

"మర్నాడు వెళ్లావా, లేదా?"

"వెళ్లాను."

"తలుపు తీశాడా?"

బావ గొంతు దిగింది. "తెరిచే ఉంది. నాకోసం కుర్చీ కూడా వేసుంచాడు."

"మరింకేం! అదే రాసి తగలడు!" సుద్దముక్క చేతిలో కుక్కాను.

ఆఖరిసారి అరగదీయించాక రాయి మీదే రాశాడు, ఒక్కసారి కూడా చెరపకుండా.

అది చెక్కించి రాయి నిలబెట్టాక, ఎవరో పెద్దమనిషి అటుగా పోతూ ఆగి చదివాడు. టోపీ తీసి, పడీపడీ నవ్వాడు. పక్కనే నిలబడ్డ బావ కూడా నవ్వాడు.

రాయి సగానికి సగం అరిగిపోయింది. బావ మీద కోపం వీసమెత్తు తగ్గలేదు. వాక్యంలో మాత్రం తప్పు లేదు. ఆ పెద్దమనిషి నవ్వుతో శ్మశానంలో నాన్న మొదటి బేరం కుదిరింది.