కండక్టరు అల్లిన ముక్క

ఆఖరి వరస మిగిలింది. కండక్టరు మంచం అంచున కూర్చుని, ఊలుదారాన్ని చిటికెన వేలికి ఒక చుట్టు తిప్పుకుని, సూదిమొనను కుట్టులోకి దూర్చాడు. ఆయన కుడిచెయ్యి ఒక్కోసారి చెప్పిన మాట వింటుంది, ఒక్కోసారి వినదు. విననప్పుడు ఆయన దాన్ని తిట్టుకోడు. గంట కొట్టినా బస్సు కదలకపోతే డ్రైవరు ముందేదో చూసుకుంటున్నాడని ఊరుకున్నట్టు, కాసేపు ఊరుకుని మళ్ళీ మొదలుపెడతాడు.

"ఏమండీ, కనీసం మొహమైనా కడుక్కోండి," అంది భార్య గుమ్మంలోంచి.

"ఇదయ్యాక. ఇవాళ దుప్పట్ల వ్యాను వస్తుంది."

"వచ్చేది సాయంత్రం కదా!"

"నీకేం తెలుసు, సీటు కావాలంటే ముందే పోయి నిలబడాలి."

ఆమె నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. నాలుగు నెలలుగా ఇంట్లో ఇదే గోల. ఊలు ఉండ మంచం కింద, సూదులు దిండు పక్కన.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయనది ఒకటే రూటు. రైల్వే స్టేషను దగ్గర బయలుదేరి, ఆసుపత్రి, బట్టల మిల్లు, ఇళ్ళ కాలనీలు దాటి ఒక ఖాళీస్థలంలో ఆగేది. బస్సు అక్కడ వెనక్కి తిరిగేది. దాని అవతల కూడా రోడ్డు ఉంది. అది ఎటు పోతుందో ఆయన ఏనాడూ వెళ్ళి చూడలేదు. దూరాలు పోయేవాళ్ళందరూ ఆయన చేతి టికెట్టు తీసుకుని స్టేషనులో దిగిపోయారు. ఆయన మాత్రం అదే బస్సులో వెనక్కి వచ్చాడు. అందులో ఆయనకు బాధేమీ లేదు. ఎవరైనా సామాను మరిచిపోయి దిగితే మాత్రం దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఈ సంచీ ఎక్కడికి పోవాల్సిందో అని ఆలోచించేవాడు.

రిటైరయ్యాక ఒక ఉదయం లేచేసరికి కుడిపక్క చచ్చుబడింది. మూతి కొంచెం వంకరపోయింది. వాళ్ళ వీధి చివర సేవాక్లబ్బు ఉంది. రక్తదానాలు, కంటి శిబిరాలు వాళ్ళే పెడతారు. నడవలేని వాళ్ళకు చేతికర్రలు, నాలుగు కాళ్ళ స్టాండ్లు అరువిస్తారు. ఆయనకూ ఒకటి ఇచ్చారు. కాళ్ళు కుదుటపడ్డాక దాన్ని తిరిగి ఇవ్వడానికి వెళితే, అక్కడ వదిన పట్టుకుంది. అన్నగారి భార్య. ఆసుపత్రి లాండ్రీలో పనిచేసి మానేసింది. అన్నగారు పోయినప్పటి నుంచి పొద్దంతా క్లబ్బులోనే ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు అల్లి ఇచ్చే ఊలు ముక్కలన్నిటినీ కలిపి దుప్పట్లు చెయ్యడం ఆమె పని. కొన్ని ఇక్కడి ముసలివాళ్ళ వార్డుకు, కొన్ని సముద్రం అవతలికి, భూకంపంలో ఇళ్ళు పోయి మంచులో డేరాలేసుకుని ఉన్నవాళ్ళకు.

"ఆ చేతికి పని చెప్పకపోతే అది కూడా రిటైరైపోతుంది మరిదీ," అని రెండు సూదులు, ఒక మట్టిరంగు ఉండ ఆయన చేతిలో పెట్టింది.

ఆ ఉండే ఇవాళ ముక్కయింది.

ఆయన క్లబ్బు హాల్లోకి అడుగుపెట్టగానే ఆడవాళ్ళంతా ఒకేసారి, "రైట్‌రైట్ వచ్చాడు!" అన్నారు. ఆ పేరు ఆయనకు బస్సులోనే వచ్చింది, పోలేదు. బల్లల నిండా రంగురంగుల ముక్కలు. గోడవారగా కట్టలు కట్టిన దుప్పట్లు. ఆయన సంచీలోంచి ముక్క తీసి వదిన ముందు పరిచాడు.

వదిన కళ్ళద్దాలు ముక్కు మీదకు జార్చుకుని చూసింది. కింద అందరి ముక్కల్లాగే జానెడు ఉంది. పోనుపోను వెడల్పయి పైన రెండు జానలైంది.

"ఇదేంటి మరిదీ, విసనకర్రా?"

"ముక్క."

"ముక్కకి నాలుగు మూలలుంటాయి."

"దీనికీ నాలుగే. లెక్కపెట్టుకో."

హాలంతా నవ్వింది. వదిన ముక్క అంచును వేళ్ళతో తడిమింది. "వరస మొదలెట్టేటప్పుడల్లా దారం సూది మీదుగా వేసేశావు. వేసినప్పుడల్లా ఒక కుట్టు కొత్తగా ఎక్కింది. ఎక్కేవాళ్ళని ఎక్కించుకుంటూనే పోయావు గానీ, ఒక్కణ్ణీ దింపలేదు."

"మధ్యదారిలో ఎవరినీ దింపేసే అలవాటు నాకు లేదు వదినా."

క్లబ్బు కార్యదర్శి పళ్ళ డాక్టరు. నెమ్మదైన మనిషి. ఆయన వచ్చి చూసి మొహమాటపడ్డాడు. "కండక్టరు గారూ, పోయినసారి వంకర ముక్కల దగ్గర కుట్లు ఊడిపోయాయని సముద్రం అవతలి క్లబ్బువాళ్ళు చెప్పారు. పిల్లలు కప్పుకునేవి కదా. ఇది వచ్చే ఏడాది చూద్దాం."

"వచ్చే ఏడాదా?"

"పోనీ ఫ్రేము కట్టించి మన హాల్లో పెడదాం. మగవాళ్ళలో మొదట అల్లింది మీరే."

కండక్టరు గోడ వైపు చూశాడు. అక్కడ పాత అధ్యక్షుల ఫొటోలు వరసగా ఉన్నాయి. "గోడకి చలేస్తుందా డాక్టరు గారూ?"

కండక్టరు ముక్కను మడిచి సంచీలో పెట్టబోయాడు. కుడిచెయ్యి వినలేదు. మడత జారింది, మళ్ళీ మడిచాడు, మళ్ళీ జారింది. వదిన అది చూసింది. నాలుగు నెలల క్రితం ఆ చేత్తో గ్లాసు పట్టుకోలేక ఆయన టీ చొక్కా మీద పోసుకోవడం కూడా చూసింది.

"ఇలా ఇవ్వు," అంది.

ఆమెకు ఒక పద్ధతి ఉంది. ఎవరి ముక్కనీ విప్పదు. వలలా వదులుగా ఉన్నదాన్ని కాళ్ళవైపు వేస్తుంది, అట్టలా బిగిసినదాన్ని అంచుకి వేస్తుంది. ఆఖరి దుప్పటికి ఒక మూల నాలుగు ముక్కలు తక్కువై అది బల్ల మీదే ఉండిపోయింది. ఆ ఖాళీ మీద ఆమె మట్టిరంగు ముక్కను పరిచింది. పైన సరిపోయింది. కింద రెండు పక్కలా కోసుగా ఖాళీ మిగిలింది.

"ఈ రెండు పక్కలూ నేను క్రోషియాతో నింపేస్తే చదరం అవుతుంది. నలుగురి సీటు ఒక్కడే ఆక్రమించాడు మహానుభావుడు. డాక్టరు గారూ, కుట్లు ఊడితే నన్నడగండి."

"వ్యాను వచ్చేలోపు అవుతుందా?"

"మీరు మాట్లాడకుండా ఉంటే అవుతుంది."

డాక్టరు నవ్వి, కుర్చీ లాక్కుని ఊలు ఉండ పట్టుకుని కూర్చున్నాడు. ఒకపక్క వదిన, రెండోపక్క ఆమెకు పని నేర్పిన ముసలి టీచరమ్మ. మధ్యలో కండక్టరు ముక్కను ఎడమచేత్తో బిగువుగా పట్టుకున్నాడు. మధ్యాహ్నం ఎవరూ సరిగా తినలేదు. ఎర్ర ఊలు మట్టిరంగు అంచును పట్టుకుని వరస వరసగా కిందికి దిగింది.

వ్యాను ముందే వచ్చేసింది. రేవు గేట్లు మూసేలోపు చేరాలని డ్రైవరు తొందరపడ్డాడు. కట్టలన్నీ ఎక్కాయి. ఇంజను మోగింది. అప్పటికి ఒక పక్క పూర్తయింది, రెండో పక్క బెత్తెడు మిగిలింది.

కండక్టరు లేచి బయటికి నడిచాడు. వ్యాను తలుపు తీసి, మెట్టు మీద ఒక కాలు పెట్టి, పైనున్న కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దాయనా, దిగు. బండి కదలాలి," అన్నాడు డ్రైవరు.

"కదలదు."

"అదేంటి?"

"లోపల ఒక ప్యాసింజరు ఉంది. వస్తోంది."

"ఒక్కదాని కోసం ఇంత లోడు ఆపుతావా?"

"నేనెప్పుడూ ఆపలేదు బాబూ. ఇదే మొదలు."

లోపల్నుంచి వదిన గొంతు వినిపించింది. సూది ఆగలేదు, నోరూ ఆగలేదు. "నిజమే చెప్తున్నాడు! కట్టుకున్న పెళ్ళాం సంచీతో పరుగెత్తుకొస్తుంటే, చూసి మరీ గంట కొట్టి పోయిన ఘనుడు! టైమంటే టైమే అన్నాడు. ఆవిడ రెండ్రోజులు అన్నం పెట్టలేదు!"

"ఒక్కరోజే," అన్నాడు కండక్టరు, కడ్డీ వదలకుండా.

డ్రైవరు కూడా నవ్వేసి ఇంజను ఆపాడు.

చివరికి డాక్టరే దుప్పటిని రెండు చేతులతో ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. కట్టలో పెట్టేముందు కండక్టరు ఆ మూలను ఒకసారి తెరిచి చూసుకున్నాడు. ఎర్రటి రెండు కోసుల మధ్య మట్టిరంగు ముక్క బుద్ధిగా కూర్చుంది. తలుపు పడింది. ఇప్పుడు ఆయన 'రైట్‌రైట్' అంటాడని అందరూ ఎదురుచూశారు. ఆయన మాత్రం కుడిచెయ్యి ఎత్తి, వ్యాను రేకు మీద రెండుసార్లు తట్టాడు. చెయ్యి మాట విన్నది. వ్యాను మలుపు తిరిగి, ఆయన ఎప్పుడూ వెళ్ళి చూడని వైపు వెళ్ళిపోయింది.

వెళ్ళేటప్పుడు వదిన ఆయన సంచీలో, ఇంకా ఉండ చుట్టని నీలం ఊలు చిలప ఒకటి పడేసింది. "ఈసారి దింపడం కూడా నేర్పుతా."

ఇంటికి చేరేసరికి ఆయన బాగా అలిసిపోయాడు, కానీ నోరు ఊరుకోలేదు. భార్యను ఎదురుగా కూర్చోబెట్టి, ఆమె రెండు మణికట్లకూ చిలప తగిలించి, ఉండ చుడుతూ అంతా చెప్పాడు. వ్యాను ఆపిన చోటికి వచ్చేసరికి ఆమె, "ఓహో, ముక్క కోసమైతే ఆపారన్నమాట," అంది.

"నువ్వప్పుడు ఇంకాస్త గట్టిగా పరుగెత్తాల్సింది."

"చెప్తా మీ పని." పొయ్యి మీద టీ పొంగబోతోంది. ఆమె చిలపను చేతుల నుంచి తీసి కుర్చీ వీపుకు తగిలించి లోపలికి వెళ్ళింది. "చక్కెర వేయనా?" అని అడిగింది.

"కొంచెం."

"కొంచెమంటే?"

జవాబు రాలేదు. నిద్రపోయాడనుకుని ఆమె కొంచెమే వేసింది. గ్లాసు పట్టుకుని వచ్చి, "ఏమండీ," అంది. ఆయన తల కిటికీ వైపు వాలి ఉంది. మొహం మీద ఆ వంకర నవ్వు అలాగే ఉంది. ఆమె గ్లాసు కింద పెట్టి ఆయన భుజం పట్టుకుంది. తర్వాత చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.

పొద్దుటికల్లా వదిన వచ్చింది, క్లబ్బువాళ్ళు వచ్చారు, పాత బస్సుల డ్రైవర్లు వచ్చారు. గదిలో చోటు కోసం ఎవరో కుర్చీలన్నీ బయట పెడుతుంటే భార్య ఒక్కదాన్ని మాత్రం కదపనివ్వలేదు. దాని వీపుకు నీలం చిలప వేలాడుతోంది. కింద నేల మీద నిమ్మకాయంత ఉండ ఉంది, టికెట్ల కట్టలా బిగించి చుట్టినది.