పదో మెట్టు

జోర్నిత్సాకు ఈ లోకంలో అన్నిటికన్నా భయం నిశ్శబ్దం. ఐదు నెలల కొడుకు నిద్రలో ఊపిరి తీయడం మరిచిపోతాడనీ, సరిగ్గా ఆ నిమిషంలోనే తన కన్ను మూతపడుతుందనీ ఆమె భయం. ఎవరికైనా చెబితే నవ్వుతారు. చెప్పకుండా ఉంటే నిద్ర పట్టదు. చెప్పినా పట్టదు.

తెల్లవారుజామున ఐదింటికి ఆమె నాలుగోసారి లేచి, పౌడరు డబ్బాలోని చిన్న అద్దాన్ని మిలెన్ ముక్కు దగ్గర పెట్టి చూస్తోంది. అద్దం మీద చిటికెడు ఆవిరి పట్టింది. తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ పట్టింది. అప్పుడు గోడకు ఆనుకుని కూర్చుని కళ్లు మూసుకుంది.

గోడ అవతల పక్కింటి స్తామెన్ బాబాయ్ లేచాడు. ముందు దగ్గు, తర్వాత కుళాయి, తర్వాత కాఫీ గిన్నె స్టవ్ మీద పెట్టిన చప్పుడు. ప్లెవెన్ ఊళ్లోని ఈ ఎనిమిదంతస్తుల సిమెంటు పలకల ఇళ్లలో మనిషి ముఖం కన్నా ముందు అతని దగ్గు పరిచయమవుతుంది. తాళం రెండుసార్లు తిరిగింది. బూట్ల చప్పుడు మెట్లు దిగిపోయింది. అరవై ఒకటో ఏట కూడా ఆయన వేడినీళ్ల గొట్టాలు మరమ్మతు చేసే పనికి పోతూనే ఉన్నాడు. ముప్ఫై ఆరేళ్లుగా వీధుల కింది సొరంగాల్లో వంగి నడిచి నడిచి, ఇప్పుడు వీధి మీద కూడా అలాగే వంగి నడుస్తాడు.

జోర్నిత్సా భర్త ప్లామెన్ జర్మనీ దారుల్లో లారీ నడుపుతాడు. మూడు వారాలకోసారి ఇంటికొస్తాడు. "వాడు గుండ్రాయిలా ఉన్నాడు, నువ్వే చిక్కి సగమయ్యావు" అని ఫోన్లో కసురుతాడు. ఆమె పదో తరగతి మధ్యలో బడి మానేసి కుట్టుపని ఫ్యాక్టరీలో చేరింది. పిల్లల డాక్టరు చెప్పే మాటల్లో సగం ఆమెకు అర్థం కావు, అడగడానికి సిగ్గు. అర్థం కాని ఆ సగాన్ని ఆమె భయంతో నింపుకుంటుంది.

స్తామెన్ బాబాయ్‌తో మొదటి పరిచయం గరిటతో జరిగింది. ఈ ఇళ్లలో పొరుగువాడి మీద కోపమొస్తే తలుపు దాకా పోరు. గదిలోంచి పోయే వేడినీళ్ల గొట్టాన్ని గరిటతో కొడతారు. అన్ని అంతస్తులకూ వినిపిస్తుంది, ఎవరు కొట్టారో ఎవరికీ తెలియదు. ఆస్పత్రి నుంచి వచ్చిన మొదటి వారం, సాయంత్రం నాలుగింటికి గోడలోంచి డుబుడుబుమని మోత మొదలవగానే ఆమె ఏడుస్తూ గొట్టాన్ని కొట్టింది. కాసేపటికి తలుపు దగ్గర ఆయన, చేతిలో సీసాడు మిరపపండ్ల పచ్చడి పట్టుకుని.

"గరిట నీదేనామ్మా?"

"నాది కాదండీ."

"గొట్టాలతో కాపురం చేసినవాణ్ని. ఏ అంతస్తులో కొట్టారో చెప్పగలను. ఇదిగో, ఇది తీసుకో. రేపట్నుంచి వాయించను."

మర్నాడు వాయించలేదు. ఆ సాయంత్రం మిలెన్ రెండు గంటలు ఊపిరి తిరగకుండా ఏడ్చాడు. మూడోనాడు ఆమే వెళ్లి ఆయన తలుపు తట్టింది. "బాబాయ్, మీ పుణ్యముంటుంది, వాయించండి."

అప్పటినుంచి అదొక ఒప్పందమైంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఈ ఇళ్లలో ఎవరూ చప్పుడు చేయకూడదు. నాలుగు కొట్టగానే ఆయన మొదలుపెడతాడు. మిలెన్ నిద్రపోగానే జోర్నిత్సా గొట్టం మీద చెంచాతో మెల్లగా రెండుసార్లు కొడుతుంది. ఆయన ఆపేసి, అన్నిటికన్నా లావు తీగను ఒక్కసారి మోగిస్తాడు. అంటే, విన్నాను, పడుకోనీ అని.

ఒకసారి ఆయన గదిలోకి పిలిచి అంతా చూపించాడు. గదంటే ఒక మంచం, ఒక చేతుల కుర్చీ, మిగిలినదంతా బేస్ గిటారు. ఎప్పుడో కజాన్‌లుక్‌లో చేసిన పాతది, బొటనవేలు ఆనే చోట రంగుపోయి చెక్క తేలింది. ఆంప్లిఫయర్ కింద మడత దుప్పటి వేశాడు, నేల అదరకుండా. పాత బీరువా సొరుగు బోర్లించి దాని మీద కాలితో తొక్కే నాలుగు పెడళ్లు బిగించాడు. నాలుగూ సబ్బుపెట్టెలంత ఉన్నాయి.

"ఇది శ్రుతి చూస్తుంది. ఇది మా సూపర్‌వైజర్ లాంటిది, ఎవడు గొంతు పెంచినా నెత్తి మీద ఒకటి వేసి అందర్నీ సమానం చేస్తుంది. ఇది తొక్కితే గొంతు బొంగురుపోతుంది, కుర్రతనంలో సరదా, ఇప్పుడు నా గొంతే అలా ఉంది. ఈ పెట్టెల క్రమం మార్చకూడదు, సూప్‌లో పంచదార పోసినట్టవుతుంది."

"మరి ఈ చివరిది?"

ఆయన చెప్పులోంచి బొటనవేలు బయటపెట్టి దాన్ని తొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. నాలుగు చుట్ల చిన్న వరస వాయించి మళ్లీ తొక్కాడు. దీపం పచ్చబడింది. ఆయన చేతులు తీసేశాడు, వరస మాత్రం తనంతట తాను మోగుతూ పోయింది.

"ఇదమ్మా నా బృందం. ఫ్యాక్టరీ క్లబ్బులో నలుగురం వాయించేవాళ్లం. డ్రమ్ములవాడు స్పెయిన్ పోయాడు, ఆరెంజ్ తోటలకి. పాడేవాడు టైర్ల కొట్టు పెట్టాడు. గిటారువాడు పైకే పోయాడు. బేస్ ఒక్కటే వాయిస్తే ఏముంటుంది, గోడ వాయించినట్టుంటుంది. అందుకని నేనే ఒకటి వాయించి, దాని పక్కన నేనే కూర్చుంటాను."

వరస నాలుగో చుట్టులో ఆయన ముఖం చిట్లించి పెడల్‌ను టకటకా రెండుసార్లు తొక్కాడు. మోత చెరిగిపోయింది.

"బాగానే ఉంది కదా బాబాయ్?"

"ఎక్కడ బాగుంది? గిటారు మెడ మీద మూడో మెట్టు మీంచి పదో మెట్టుకి వేలు దూకాలి. ఆలస్యంగా పడింది." ఎడమచెయ్యి చాపి చూపించాడు. ఎప్పుడో ఆవిరి కొట్టి ఉంగరం వేలు, చిటికెన వేలు చర్మం బిగుసుకుపోయి మెరుస్తున్నాయి. అవి పూర్తిగా చాచుకోవు. "తప్పున్నదాన్ని తిరగనివ్వకూడదు. నాకిష్టముండదు. ఒక్కసారి సరిగ్గా పడితే చాలు, దాని మీద ఇంకోటి వాయించుకుంటా. పదకొండేళ్లుగా పడటం లేదు, ఏం తొందర?"

కుడిచేతి రెండు వేళ్లు తీగ మీద ఒకదాని తర్వాత ఒకటి నడిచేవి, మెట్లు దిగే మనిషి కాళ్లలా. ఎడమచెయ్యి మిగతా తీగల మీద మెత్తగా పరుచుకుని ఉండేది. "మోగే తీగని ఎవడైనా మోగిస్తాడు," అన్నాడాయన. "పక్కన మోగకూడని తీగలుంటాయి చూడు, వాటిని ఊరుకోబెట్టడమే పని."

తెల్లవారేలోపు నాలుగుసార్లు లేచిన ఆ రోజు ఏప్రిల్ ఎండ చురుక్కుమంటోంది. రెండున్నరకు జోర్నిత్సా రొట్టె కొనుక్కుని పిల్లాడి బండితో వచ్చేసరికి, స్తామెన్ బాబాయ్ కూడా పని దిగి ద్వారం దగ్గరికి వచ్చాడు. నెలరోజులుగా లిఫ్టు నడవడం లేదు. ఆయన బండి ముందుచక్రాలు పట్టుకుని ఎత్తాడు.

ఐదో అంతస్తు గెనా పిన్ని చెత్తసంచీ పట్టుకుని ఎదురు దిగుతోంది. గోడకు ఒదిగి దారి ఇచ్చింది గాని నోటికి విరామం ఇవ్వలేదు.

"ఏం స్తామెన్, ముసలితనంలో ఆయా ఉద్యోగమా?"

"జీతం బాగుంది గెనా. రోజుకో నవ్వు ఇస్తాడు మా బాసు."

"నీ డుబుడుబు మొదలైతే నా సీరియల్లో ఎవడు ఎవత్తెని మోసం చేశాడో తెలిసి చావడం లేదు."

"నీ టీవీ గోలకి నా బేసు నాకే వినపడదు. పొద్దున్నుంచీ ఎవరికి చూపిస్తున్నావే దాన్ని?"

"గోడలకి," అంది గెనా పిన్ని. "అవి మధ్యలో మాట్లాడవు."

మూడో అంతస్తు మలుపులో ఆయన బండి దించి నిలబడ్డాడు. ఎడమ భుజం రుద్దుకున్నాడు. "ఇవాళ ఒక వాల్వు మొండికేసింది. చెయ్యి పట్టేసింది." జోర్నిత్సా వింటూనే దుప్పటి అంచు పిల్లాడి ముక్కు మీదికి పోయిందేమోనని సర్దుతోంది.

"బాబాయ్, ఇవాళ కాస్త ఎక్కువసేపు వాయిస్తారా? వాడు గాఢంగా పడుకుంటే నేనూ నడుం వాలుస్తా. మూడు రాత్రులైంది."

"నువ్వు పడుకో తల్లీ. నేను ఆపితేగా."

మిగిలిన మెట్లు ఎక్కి తలుపు దగ్గర బండి దించాడు. ఆమె థాంక్స్ చెప్పిందో లేదో ఆమెకు గుర్తులేదు.

నాలుగింటికి మొదలైంది. ముందు తీగల శ్రుతి, ఆ తర్వాత వరస, చెరపడం, మళ్లీ వరస. మిలెన్ గుప్పిళ్లు విప్పాడు. నాలుగుంపావు అయ్యేసరికి వాడి నోరు సగం తెరుచుకుంది. ఆమె అలవాటుగా చెంచాతో గొట్టం మీద రెండుసార్లు కొట్టింది. వరస ఆగలేదు. ఎక్కువసేపు వాయించమన్నది తానేనని గుర్తొచ్చి ఆమెకు కళ్లు చెమ్మగిల్లాయి. అడిగిన మాట పట్టుకుని చేసే మనిషి ఒకడున్నాడు పక్కింట్లో. కుర్చీలోనే తల వాల్చింది. నిద్ర ఆమెను లాక్కుపోయింది.

మెలకువ వచ్చేసరికి ఎండ గోడ దిగిపోయింది. గడియారం ఆరు దాటింది. రెండు గంటలు! అద్దం కోసం వెతకలేదు, నేరుగా వాడి ఛాతీ మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. లేస్తోంది, పడుతోంది. అక్కడే నేల మీద కూర్చుంది. గోడ అవతల వరస ఇంకా మోగుతోంది. పాపం, మాటంటే మాట, అనుకుంది.

అలా కూర్చుని వింటూ ఉండగా నాలుగో చుట్టు వచ్చింది. మూడో మెట్టు. పదో మెట్టు. వేలు ఆలస్యంగా పడింది.

ఇప్పుడు చెరుపుతాడు, అనుకుంది.

చెరపలేదు. మళ్లీ మొదటి చుట్టు, రెండో చుట్టు, మూడు. నాలుగో చుట్టులో వేలు మళ్లీ అంతే ఆలస్యంగా, సరిగ్గా అదే చోట తడబడింది. ఆమె ఇంకోసారి విన్నది. మళ్లీ అదే తప్పు. తప్పున్నదాన్ని తిరగనివ్వని మనిషి దాన్ని తిరగనిస్తున్నాడు.

తన తాళంచెవి ఒకటి ఆయన ఎప్పుడో ఆమె దగ్గర పెట్టాడు. పిల్లాణ్ని భుజాన వేసుకుని పరుగెత్తింది.

స్తామెన్ బాబాయ్ చేతుల కుర్చీలో ఉన్నాడు. గిటారు ఒళ్లో ఉంది. గడ్డం దాని అంచుకు ఆనింది. కుడిచెయ్యి పక్కకు జారి వేలాడుతోంది. ఎడమచెయ్యి మాత్రం నాలుగు తీగల మీద బల్లపరుపుగా పరుచుకుని, వాటిని ఊరుకోబెట్టి ఉంది. ఆయన కాళ్ల దగ్గర పచ్చ దీపం వెలుగుతోంది. గదంతా వరస మోగుతోంది.

ఆమె ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఐదు నెలలుగా చేస్తున్న పనే. అద్దం అక్కర్లేకపోయింది.

అంబులెన్స్ వచ్చేలోగా గెనా పిన్ని దిగి వచ్చింది. ఒక్క ఎత్తిపొడుపు మాట లేదు. ముందు, చావింట్లో చేసే ఆచారంగా, గోడ అద్దం మీద తువ్వాలు కప్పింది, కిటికీ బార్లా తీసింది. తర్వాత మంచం అంచున కూర్చుని స్తామెన్ చెప్పుల్ని వరసగా సర్దింది. ఇద్దరిలో ఎవరూ ఆ మోత జోలికి పోలేదు. కరెంటు తీస్తే ఆ పెట్టె అంతా మరిచిపోతుందని ఆయన చెప్పింది జోర్నిత్సాకు గుర్తుంది.

డాక్టరు కుర్రవాడే, బాగా అలసిపోయి ఉన్నాడు. "ముందు ఆ గోల ఆపండమ్మా," అని వంగి ప్లగ్గు లాగేశాడు.

వద్దనాలని ఆమె నోరు తెరిచింది. అప్పటికే అయిపోయింది. ఆ నిశ్శబ్దానికి మిలెన్ ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు.

"నాలుగుంపావు ప్రాంతంలో పోయి ఉంటాడు," అన్నాడు డాక్టరు రాసుకుంటూ. "అప్పుడే ఎవరైనా చూసి ఉంటే..." భుజాలెగరేసి వాక్యం అక్కడే వదిలేశాడు. మిగిలిన సగం జోర్నిత్సా ఇంటికి తెచ్చుకుంది.

ఆమె ఎంత గుర్తు చేసుకున్నా, మూడో అంతస్తు మలుపులో ఆయన ముఖం ఏ రంగులో ఉందో జ్ఞాపకం రావడం లేదు. దుప్పటి అంచు మీది నీలం కుట్టు మాత్రం స్పష్టంగా గుర్తుంది.

లోవెచ్ ఊరి నుంచి ఆయన మేనల్లుడు వచ్చి గిటారు, ఆంప్లిఫయర్ పట్టుకుపోయాడు. సొరుగు మీది చివరి పెట్టెను ఊడదీసి, "ఇది పిల్లాడికి ఆటకి ఉంచుకోండి," అని ఆమె చేతిలో పెట్టాడు. అది పాలసీసాల పక్కన కిటికీలో ఉంది. బొటనవేలు ఆనే చోట రంగంతా పోయి ఇనుము తేలింది. నాలుగింటికి మిలెన్ ఏడుస్తాడు. ఆమె వాణ్ని ఎత్తుకుని గోడ పక్కనే తిరుగుతుంది.

ఈ ఇళ్లలో ఎవరు పోయినా అంటించినట్టే, కింద ద్వారం అద్దానికి ఆయన మరణ ప్రకటన అంటించారు. నల్ల అంచు, ఉద్యోగపు కార్డులోని ఫొటో, పేరు, వయసు. దాని కింద రూళ్ల కాగితం ఒకటి ఉంది. సంతకం లేదు. అక్షరాలు బడి మధ్యలో మానేసిన పిల్ల అక్షరాల్లా పెద్దవిగా, ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్నాయి.

"ఐదో అంతస్తు, ఎడమవైపు తలుపు. గెనా పిన్ని ఒక్కతే ఉంటుంది. నేను పొద్దున వెళ్తాను. సాయంత్రం మీలో ఎవరైనా వెళ్లండి. లోపల టీవీ మోగుతూనే ఉంటుంది. మోగుతోంది కదా అని వెళ్లిపోకండి. ఆమె వచ్చి తలుపు తీసేదాకా తట్టండి."